మైగ్రేన్‌కి వీఏ సున్నా శాతం ఇచ్చింది, అప్పీల్‌కి ఏం పంపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయండి. మీవారు మావ్నీ (భాషల్లాంటి ప్రత్యేక నైపుణ్యం ఉన్న విదేశీయుల్ని సైన్యంలో చేర్చుకున్న పథకం) కింద అమెరికన్ ఆర్మీలో చేరారు, ట్రక్ డ్రైవరుగా అఫ్గానిస్తాన్‌లో తొమ్మిది నెలలు చేశారు, 2016లో బయటికొచ్చారు. ఇప్పుడు టెక్సాస్‌లో ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. వీఏ, అంటే అమెరికా మాజీ సైనికుల శాఖ, ఇచ్చే వైకల్యం రేటింగ్ చెవిలో హోరుకి 10 శాతం, మెడకి 20 శాతం ఇంతకుముందే ఉన్నాయి, ఆ శాతాన్ని బట్టే నెలనెలా డబ్బు వస్తుంది. పోయినేడు సెప్టెంబరులో మైగ్రేన్‌కి క్లెయిమ్ వేస్తే సర్వీస్ కనెక్షన్, అంటే జబ్బుకీ సైనిక సర్వీసుకీ సంబంధం ఉందని, ఒప్పుకున్నారు గానీ రేటింగ్ మాత్రం సున్నా ఇచ్చారు. ఉత్తరం మీద తేదీ 2025 మార్చి 11. ఎవరో 1,500 డాలర్లు కడితే నెక్సస్ లెటర్ రాయిస్తాం, అది పెడితే 50 శాతం ఖాయం అన్నారు. కట్టాలా, ఏ రకం అప్పీల్ వేయాలి అని అడిగారు.

కట్టొద్దమ్మా. ఆ డబ్బు మంచి న్యూరాలజిస్ట్‌కి ఖర్చు పెట్టండి, అప్పుడు కూడా ఇంకా మిగులుతుంది.

ఎందుకో చెప్తాను. నెక్సస్ లెటర్ అంటే ఈ జబ్బు సైన్యంలో పనిచేసినందువల్లే వచ్చింది అని డాక్టర్ కారణాలతో రాసే అభిప్రాయం. క్లెయిమ్‌ని సంబంధం లేదని తిరగ్గొట్టినప్పుడు అది ప్రాణంతో సమానం. మీది తిరగ్గొట్టలేదు. మీ ఉత్తరం వెనకాల "ఫేవరబుల్ ఫైండింగ్స్" అని ఒక చిన్న భాగం ఉంటుంది, చాలామంది అది చదవరు. అందులో మైగ్రేన్ ఉందనీ అది సర్వీసుకి సంబంధించిందేననీ రాసుంటుంది. అలా ఒకసారి రాశాక తర్వాత ఫైలు ఎవరి చేతికి వెళ్ళినా ఆ మాటకి కట్టుబడాల్సిందే, స్పష్టమైన, ఎవరూ కాదనలేని తప్పు చూపిస్తే తప్ప దాన్ని తీసేయలేరు. అంటే సగం యుద్ధం మీరు గెలిచేశారు. గెలిచిన సగానికే మళ్ళీ 1,500 డాలర్లు పోసి ఉత్తరం కొనమంటున్నాడు వాడు.

మీకు మిగిలిన గొడవ ఒక్కటే, ఎంత శాతం అన్నది. దానికి కావాల్సిన రుజువు పూర్తిగా వేరే రకం, నిజం చెప్పాలంటే అందులో ఎక్కువ భాగం ఏ డాక్టర్ దగ్గరా లేదు, మీ ఇంట్లోనే ఉంది.

నా సంగతి ఒక్క ముక్క. నేను ఆర్మీలో పదమూడేళ్ళు చేశాను, ఇప్పుడు తొమ్మిదేళ్ళుగా వీఏ గుర్తింపు ఉన్న ప్రతినిధిగా ఒక వెటరన్స్ సంస్థ తరఫున ఉచితంగా ఈ ఫైళ్ళు చూస్తున్నాను. నాకూ మైగ్రేనే. మా అమ్మ దాన్ని పార్శ్వపు నొప్పి అనేది, తెల్లవారుజామున శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. నా మొదటి క్లెయిమ్‌కి కూడా సున్నానే వచ్చింది, ఎందుకొచ్చిందో కిందకి వచ్చాక చెప్తాను.

ముందు రూలు. మైగ్రేన్‌కి వీఏ వాడే కోడ్ 8100, అందులో నాలుగే మెట్లు, 0, 10, 30, 50. అంతకుమించి లేదు, మైగ్రేన్‌కి ఒక్కదానికే 70 ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. నాలుగు మెట్లూ ఒక్క ఇంగ్లీష్ మాట చుట్టూ తిరుగుతాయి, "ప్రాస్ట్రేటింగ్". నిఘంటువు తీస్తే సాష్టాంగపడటం అని ఉంటుంది, నేను మొదటిసారి చదివినప్పుడు తలనొప్పికీ దేవుడికీ ఏం సంబంధం అనుకున్నాను! ఇక్కడ దాని అర్థం మనిషిని మంచాన పడేసే నొప్పి. ఒంట్లో శక్తి పోయి, మామూలు పనులు చాలావరకు చేసుకోలేని స్థితి అని వీఏ వాళ్ళ సొంత మాన్యువల్‌లోనే వివరణ ఉంది. గుడి ముందు సాష్టాంగపడ్డవాడు లేచి ప్రసాదం తీసుకుంటాడు, ఇక్కడ లేవలేడు, అంతే తేడా.

అలాంటి దాడి గత కొన్ని నెలల్లో సగటున రెండు నెలలకి ఒకసారి వస్తే 10 శాతం, నెలకి ఒకసారి వస్తే 30. 50కి భాష కొంచెం బరువుగా ఉంటుంది, దాడులు చాలా తరచుగా రావాలి, పూర్తిగా పడగొట్టేవి అయ్యుండాలి, ఎక్కువసేపు ఉండాలి, వాటివల్ల సంపాదనకి తీవ్రమైన ఇబ్బంది కలగాలి. "చాలా తరచుగా" అంటే దాడికీ దాడికీ మధ్య సగటున నెల కంటే తక్కువ అని మాన్యువల్ లెక్క. రెండు నెలల కంటే దూరం దూరంగా వచ్చేవాటికి సున్నా. మీవారిని ఆ చివరి గడిలో పడేశారు.

ఇక్కడ నొప్పి ఎంత అని ఎవరూ అడగడం లేదు, గమనించండి. పదికి ఎన్ని మార్కులు అన్నది ఆ రూల్లో ఎక్కడా లేదు. మనవాళ్ళు స్టేట్‌మెంట్ రాయమంటే "భరించలేని నొప్పి, నరకం, తల పగిలిపోతుంది" అని పేజీ నింపుతారు, చదివే రేటర్‌కి (శాతం నిర్ణయించే వీఏ ఉద్యోగికి) కావాల్సింది మాత్రం మూడే: నెలకి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ఆ గంటల్లో ఏ పని ఆగిపోయింది. పేజీ నిండా నరకం ఉండి ఆ మూడూ లేకపోతే ఆ కాగితం వల్ల ఉపయోగం లేదు.

మీవారికి సున్నా ఎలా వచ్చిందో నేను ఊహించగలను, మీరు పెట్టిన వివరాల్లోనే ఉంది. వీఏ పంపిన పరీక్షకి వెళ్ళారు, సీ అండ్ పీ ఎగ్జామ్ అంటాం. డాక్టర్ "ఎలా ఉన్నారు" అని అడిగింది. ఈయన "బాగున్నానండీ" అన్నారు. తలనొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తారు అంటే "ఎక్సెడ్రిన్ వేసుకుంటే తగ్గుతుంది" అన్నారు, అది షాపులో చీటీ లేకుండా దొరికే తలనొప్పి మాత్ర. ఉద్యోగం చేస్తున్నారా అంటే "ఫుల్ టైం" అన్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ ఫారంలో పడగొట్టే దాడులు అరుదు అని టిక్ పెట్టింది, పని మీద ప్రభావం లేదు అని రాసింది. మీవారు ఒక్క అబద్ధమూ చెప్పలేదు, కానీ ఫైల్లోకి ఒక్క నిజమూ వెళ్ళలేదు.

నాదీ అచ్చం ఇదే కథ. ముందు రోజు రాత్రంతా బాత్రూంలో వాంతులు చేసుకుని, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఆ డాక్టర్ ముందు నవ్వుతూ కూర్చున్నాను. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నాను అనడం మనకి మర్యాద, దాని మీద ఆర్మీ ఇంకో పూత పూస్తుంది. తలనొప్పికి సిక్ కాల్‌కి, అంటే ఆర్మీ డాక్టర్‌కి చూపించుకోవడానికి, వెళ్తే ప్లటూన్‌లో ఎలా చూస్తారో మీవారిని అడగండి, చెప్తారు.

మళ్ళీ పరీక్ష పెడతారు, దాదాపు ఖాయం, దానికి తప్పకుండా వెళ్ళాలి. "ఇవాళ నొప్పి లేదు, కానీ గత ఆరు నెలల్లో ఇన్నిసార్లు పడుకుండిపోయాను, ఒక్కోసారి ఇన్ని గంటలు, ఇన్ని పనిదినాలు పోయాయి" అని అంకెలతో చెప్పాలి. ఒక పేజీలో రాసుకుని తీసుకెళ్ళి చూసి చెప్పినా తప్పులేదు. మందుతో తగ్గుతుందా అంటే అవును కాదు అని ఒక్క మాటతో వదిలేయకుండా ఎంతసేపటికి తగ్గుతుంది, తగ్గాక మర్నాడు బుర్ర ఎలా ఉంటుంది, ఎన్నిసార్లు వేసుకున్నా తగ్గలేదు, అదంతా చెప్పాలి. పెంచి చెప్పొద్దు. నెలకి రెండు వస్తే రెండే, నాలుగు అన్నామంటే రికార్డుకీ మాటకీ పొంతన కుదరక ఉన్న నమ్మకం కూడా పోతుంది.

పాత పరీక్ష రిపోర్టు కాపీ తెప్పించుకోండి. 20-10206 ఫారంతో అడగొచ్చు, మీకు ప్రతినిధి ఉంటే వాళ్ళకి సిస్టంలోనే కనిపిస్తుంది కాబట్టి ఇంకా త్వరగా అవుతుంది. అది చదవకుండా అప్పీల్ రాయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇప్పుడు అసలు పని, రుజువులు.

మొదట మీ ఫోన్ తీయండి. వాట్సాప్‌లో మీ ఇద్దరి చాట్‌లో "తలనొప్పి", "తల", "పడుకున్నా", "నువ్వే తీసుకురా" లాంటి మాటలు వెతకండి, తెలుగులోనూ, ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగులోనూ. నేను ఇది ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత రెండేళ్ళలో ముప్ఫై నలభై మెసేజ్‌లు బయటపడతాయి. "మళ్ళీ మొదలైంది, పాపని స్కూల్ నుంచి నువ్వే తీసుకురా, నేను డ్రైవ్ చేయలేను" అని ఒక మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి పంపిన మెసేజ్ ఉందనుకోండి, దానికి తేదీ ఉంది, టైం ఉంది, ఆగిపోయిన పని ఉంది, అన్నిటికంటే ముఖ్యం అది క్లెయిమ్ కోసం రాసింది కాదు. స్క్రీన్‌షాట్ తీసి, కింద ఇంగ్లీష్‌లో అర్థం రాసి, వరసగా పెట్టండి.

దీనికి ఇంకో కారణం ఉంది. మీరు ఇవాళ డైరీ మొదలుపెడితే అది ఇవాళ్టి నుంచే సాక్ష్యం. వీఏ వాళ్ళు ఒకే జబ్బుకి వేరే వేరే కాలాలకి వేరే వేరే శాతం ఇవ్వొచ్చు, అంటే "ఈ నవంబరు నుంచి 30, అంతకుముందు సున్నా" అనగలరు. అప్పుడు పోయినేడు సెప్టెంబరు నుంచి రావాల్సిన బకాయి పోతుంది. వెనకటి నెలల్ని పట్టుకొచ్చేవి ఈ పాత మెసేజ్‌లు, ఫార్మసీ రీఫిల్ లిస్టు, ఆఫీసు సెలవుల రికార్డు. డైరీని మాత్రం వెనక తేదీలు వేసి కల్పించొద్దు. ఒకే పెన్నుతో ఒక్కసారే కూర్చుని రాసిన ఆరు నెలల డైరీ చూడగానే తెలిసిపోతుంది. ఇవాళ్టి నుంచి నిజంగా రాయండి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, వెలుతురు శబ్దం పడలేదా, వాంతి అయ్యిందా, ఏం వేసుకున్నారు, ఏం మానేశారు. రెండు లైన్లు చాలు.

సెలవుల రికార్డు కంపెనీ పోర్టల్‌లోనే దొరుకుతుంది, మేనేజర్‌ని అడగనక్కర్లేదు. ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి ఇక్కడే చిక్కు, ఎందుకంటే సెలవు పెట్టరు. కెమెరా ఆపేసి, దుప్పటి కప్పుకుని మూడు గంటలు పడుకుని, రాత్రి పదకొండుకి లేచి ఆ పని పూర్తిచేస్తారు. రికార్డులో ఎనిమిది గంటలు పనిచేసినట్టే ఉంటుంది. ఇలా జరుగుతుంటే అదే విషయం రాయండి, రాత్రి పంపిన ఈమెయిళ్ళ టైంలు చూపించండి, వదిలేసిన మీటింగులు చూపించండి. ఆఫీసులో నమ్మకంగా మాట్లాడే లీడ్ ఎవరైనా ఉంటే నాలుగు లైన్లు రాయించండి. మేనేజర్‌కి తెలిస్తే ఉద్యోగానికి ముప్పు అని టెన్షన్ ఉందన్నారు, అలాంటప్పుడు ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) గురించి ఆలోచించండి. ఏడాదిలో 12 వారాల వరకు జీతం లేని సెలవు, దాన్ని ముక్కలుగా, గంటల లెక్కన కూడా వాడుకోవచ్చు, ఉద్యోగానికి రక్షణ ఉంటుంది. కంపెనీ మరీ చిన్నది కాకుండా ఉండాలి, మీవారు అక్కడ ఏడాది పైన, ఆ ఏడాదిలో 1,250 గంటలు చేసి ఉండాలి. దానికి డాక్టర్ "ఈయనకి నెలకి ఇన్నిసార్లు, ఇన్ని గంటలు పనిచేయలేని స్థితి వస్తుంది" అని సర్టిఫై చేయాలి. ఆ కాగితం వీఏకి పంపడానికి కూడా బంగారం లాంటిది.

"ఉద్యోగం చేస్తుంటే 50 ఇవ్వరట కదా" అని మీరు అడిగారు. ఇది చాలామంది నమ్మే మాట, రేటర్లు కూడా కొందరు నమ్ముతారు, అదే పెద్ద సమస్య. 2004లో పియర్స్ కేసులో వెటరన్స్ అప్పీళ్ళ కోర్టు దీని మీద తేల్చి చెప్పింది, సంపాదనకి తీవ్ర ఇబ్బంది అంటే అసలు ఉద్యోగమే చేయలేకపోవడం అని అర్థం కాదు, అలా అయితే 50 శాతం అన్న మెట్టుకే అర్థం ఉండదు. ఇబ్బంది కలిగించగల స్థాయిలో దాడులు ఉన్నా ఆ మాట సరిపోతుందని కూడా చెప్పింది. కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఉద్యోగం చేస్తున్నారన్న విషయం దాచొద్దు, ఆ ఉద్యోగం ఎలా కుంటుతూ నడుస్తోందో చూపించండి.

తర్వాత మీ స్టేట్‌మెంట్. ఆయనది కాదు, మీది. 21-10210 ఫారం. నొప్పి వచ్చినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉంటారు, చూసేది మీరు. డాక్టర్ కాకపోయినా మీ కంటితో చూసింది చెప్పే హక్కు మీకుంది, రేటర్ దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి. "మా ఆయన చాలా బాధపడతారు" అని రాయకండి. ఇలా రాయండి: "నెలకి రెండు మూడు సార్లు జరుగుతుంది. ముందు కుడికన్ను దగ్గర నొక్కుకుంటారు, మాటలు తడబడతాయి. అరగంటలో పడకగదిలోకి వెళ్ళి కిటికీలకి దుప్పట్లు వేస్తాను. కుక్కర్ విజిల్ వినపడితే కేకలేస్తారు కాబట్టి ఆ పూట నేను స్టవ్ వెలిగించను, పాపకి పెరుగన్నం పెట్టి పక్కింట్లో కూర్చోబెడతాను. అమృతాంజనం రాసి తలకి గుడ్డ బిగించి కడతాను. ఆరు నుంచి పది గంటలు అలానే ఉంటారు, బాత్రూంకి నేనే పట్టుకుని తీసుకెళ్తాను. మర్నాడు సగం రోజు మాట్లాడరు." కుక్కర్ విజిల్ సంగతి మీ పోస్టులోనే ఉంది, మీరు దాన్ని మామూలు విషయంలా రాశారు. అమెరికన్ రేటర్‌కి కుక్కర్ విజిల్ తెలియకపోతే ఒక ముక్క వివరించండి, వదిలేయకండి. ఇంగ్లీష్‌లో రాయండి, గ్రామర్ తప్పులుంటే ఉండనివ్వండి, ఇంట్లో మనిషి రాసినట్టే ఉంటుంది.

ఇంట్లో చేసుకున్న ఈ వైద్యం అంతా ఎక్కడా రికార్డు కాదు, మనవాళ్ళ ఫైళ్ళలో ఇదే పెద్ద గొయ్యి. పట్టు వేసుకున్నాం, బామ్ రాసుకున్నాం, షాపులో మాత్రలు కొన్నాం, డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. రేటర్‌కి అది "చికిత్స తీసుకోలేదు, అంటే అంత తీవ్రం కాదు" అని కనిపిస్తుంది. 2023లో గుంటూరు వెళ్ళినప్పుడు న్యూరాలజిస్ట్‌కి చూపించారు, చీటీలు ఎక్కడో ఉన్నాయి అన్నారు కదా, అవి వెతికించండి. ఇండియా డాక్టర్ కాగితాలు కూడా పనికొస్తాయి, మన చీటీలు ఎలాగూ ఇంగ్లీష్‌లోనే ఉంటాయి. చేతిరాత అర్థం కాకపోతే ఆ ఆసుపత్రి నుంచి టైపు చేసిన సమ్మరీ అడగండి, ఊళ్ళో ఉన్న మీ మరిదిని పంపిస్తే పని అవుతుంది.

ఇక్కడ కూడా వెంటనే న్యూరాలజిస్ట్‌కి చూపించండి, క్లెయిమ్ కోసం కాకపోయినా సరే. వారానికి నాలుగు రోజులు ఎక్సెడ్రిన్ అన్నారు, నాకు అది నచ్చలేదు. ఆ రకం మాత్రలు నెలకి పది రోజులు, అంతకంటే ఎక్కువ వాడుతూ పోతే మాత్రల వల్లే తలనొప్పి వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. నేను డాక్టర్‌ని కాదు, కానీ ఆ గుంతలో రెండేళ్ళు ఉన్నాను. ఆ డాక్టర్‌తోనే వీఏ వాళ్ళ తలనొప్పి డీబీక్యూ (జబ్బు తీవ్రత గురించి డాక్టర్ నింపే ప్రశ్నల ఫారం) నింపించండి, వీఏ సైట్‌లో ఎవరైనా దింపుకోవచ్చు. దాడులు ఎంత తరచుగా, పడగొట్టేవా కాదా, పని మీద ప్రభావం, అన్నీ ఆ ఫారంలోనే గడులుగా ఉంటాయి. వెళ్ళేటప్పుడు డైరీ, మెసేజ్‌ల ప్రింట్లు తీసుకెళ్ళండి, లేకపోతే ఆయన కూడా గాల్లో టిక్కులు పెట్టాల్సిందే.

ఇక ఏ దారి. 2019 ఫిబ్రవరి 19 నుంచి వచ్చిన పద్ధతిలో మూడు దారులున్నాయి. హయ్యర్ లెవెల్ రివ్యూలో ఇంకో సీనియర్ అదే ఫైల్ని మళ్ళీ చూస్తాడు, కొత్త కాగితం ఒక్కటి కూడా పెట్టనివ్వరు. కావాలంటే ఫోన్‌లో మాట్లాడే అవకాశం ఇస్తారు, అప్పుడు కూడా ఉన్న ఫైల్లో తప్పేంటో చెప్పాలి తప్ప కొత్త సంగతి చెప్పకూడదు. ఫైల్లో రుజువు అంతా ఉండి రేటర్ చదవలేదు అన్నప్పుడు అది మంచి దారి. మీ ఫైల్లో ఉన్నది ఆ "బాగున్నానండీ" ఒక్కటే, దాన్ని పది మంది సీనియర్లు చదివినా సున్నానే వస్తుంది. వెటరన్స్ అప్పీళ్ళ బోర్డుకి వెళ్తే వాషింగ్టన్‌లో జడ్జి చూస్తారు, బోర్డు తనకి తాను పెట్టుకున్న లక్ష్యమే తక్కువలో తక్కువ ఏడాది, హియరింగ్ అడిగితే రెండేళ్ళు. ఇప్పుడే అంత దూరం అక్కర్లేదు.

మీకు సరిపోయేది సప్లిమెంటల్ క్లెయిమ్, 20-0995 ఫారం. కొత్తది, విషయానికి సంబంధించినది అయిన రుజువు ఒక్కటైనా ఉండాలి, పైన చెప్పినవన్నీ అలాంటివే. సగటున 125 రోజుల్లో తేల్చాలని వాళ్ళ లక్ష్యం. ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు, అంటే 2026 మార్చి 11 లోపు వేస్తే మొదటి క్లెయిమ్ తేదీ చెక్కు చెదరదు. ఏడాది దాటాక కూడా వేయొచ్చు, కానీ అప్పుడు డబ్బు కొత్త తేదీ నుంచే లెక్క. ఇందులోనూ కాదంటే మళ్ళీ ఏడాది గడువు వస్తుంది, మళ్ళీ ఏదో ఒక దారి పట్టుకోవచ్చు. మధ్యలో గొలుసు తెగకుండా చూసుకుంటే ఆ పాత సెప్టెంబరు తేదీ వెంట వస్తూనే ఉంటుంది. నా సొంత కేసు రెండోసారి సప్లిమెంటల్‌లో 30కి వచ్చింది, అప్పుడు కూడా పనిచేసింది మా ఆవిడ రాసిన పేజీన్నర.

డబ్బు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే వీఏ కూడిక మన కూడిక కాదు. 20కి 10 కలిపితే వాళ్ళకి 28 వస్తుంది, దాన్ని 30 చేస్తారు, మీరు ఇప్పుడు ఉన్నది అక్కడే. మైగ్రేన్‌కి 30 వస్తే ముందు 30, మిగిలిన 70లో 20 శాతం అంటే 14, మొత్తం 44, మిగిలిన 56లో 10 శాతం 5.6, మొత్తం 49.6, రేటింగ్ 50. మైగ్రేన్‌కి 50 వస్తే అదే లెక్కన 64, రేటింగ్ 60. ఒంటరి మనిషికి 2025 రేట్లలో 30 శాతానికి నెలకి 537.42 డాలర్లు, 50కి 1,102.04, 60కి 1,395.93. పెళ్ళాం పిల్లలుంటే 30 శాతం నుంచి పైన ఇంకొంచెం కలుస్తుంది, మిమ్మల్నీ పాపనీ డిపెండెంట్లుగా చేర్చారో లేదో చూసుకోండి, ఇది మర్చిపోయిన కుటుంబాలు ఎన్నో చూశాను. 2025 డిసెంబరు 1 నుంచి ఈ రేట్లకి 2.8 శాతం పెంపు ఉంది. పన్ను లేదు. చూశారుగా, మీ విషయంలో 0 నుంచి 30కి ఎక్కడమే పెద్ద గెంతు, అక్కడి నుంచి 50కి తేడా తక్కువ. అందుకే ముందు "నెలకి ఒకసారి" అన్నది గట్టిగా నిలబెట్టండి, 50 దానంతట అది వస్తే రానివ్వండి.

మీరు పక్కన పెట్టేసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. కాన్వాయ్‌లో ముందు బండి కింద బాంబు పేలింది, ఈయనకి దెబ్బ తగల్లేదు గానీ కాసేపు ఏమీ గుర్తులేదు అన్నారు. కాసేపు ఏమీ గుర్తులేకపోవడమంటే దెబ్బ తగిలి ఉండొచ్చు. టీబీఐ, అంటే మెదడుకి తగిలిన దెబ్బ, గురించి వీఏ వాళ్ళ దగ్గర స్క్రీనింగ్ అడగండి. టీబీఐ ఉందని తేలినా మైగ్రేన్‌ని విడిగా రేట్ చేయాలని రూల్లోనే ఉంది, కాబట్టి దానివల్ల ఇది పోతుందన్న భయం వద్దు, అదే తలనొప్పిని రెండు చోట్లా లెక్కపెట్టరు అంతే. అది మాత్రం వేరే కొత్త క్లెయిమ్, ఈ అప్పీల్‌లో కలిపేయకండి. ముందు ఇంటెంట్ టు ఫైల్ (క్లెయిమ్ వేయబోతున్నామని ముందుగా తెలిపే నోటీసు) పెట్టేస్తే తేదీ దొరుకుతుంది, పూర్తి క్లెయిమ్‌కి ఏడాది టైం ఉంటుంది.

ఆ 1,500 వాళ్ళ గురించి ఇంకో మాట. మీకు సాయం చేసేవాళ్ళకి వీఏ గుర్తింపు ఉందో లేదో వీఏ సైట్‌లోనే పేరు కొట్టి చూడొచ్చు. గుర్తింపు ఉన్న లాయరైనా ఏజెంటైనా మొదటి నిర్ణయం వచ్చేదాకా ఫీజు తీసుకోకూడదు, ఆ తర్వాత బకాయిలో 20 శాతం వరకు సబబు అనుకుంటారు, మూడోవంతు దాటితే సబబు కాదనే లెక్క. పెరిగిన నెల మొత్తానికి అయిదు రెట్లో ఆరు రెట్లో మాకివ్వండి అనే కంపెనీలు చాలా తిరుగుతున్నాయి, అలాంటివాళ్ళకి మీవారి లాగిన్ పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు చచ్చినా ఇవ్వకండి. టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి టెక్సాస్ వెటరన్స్ కమిషన్ వాళ్ళు ఉచితంగా చేస్తారు, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంస్థల వాళ్ళూ పైసా తీసుకోరు. వెళ్ళే ముందు రుజువులు సర్దుకుని వెళ్ళండి, వాళ్ళ దగ్గర జనం ఎక్కువ, మీ వాట్సాప్ వాళ్ళు వెతికిపెట్టరు.

న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఫిబ్రవరి దాకా దొరకదేమో అన్నారు. దొరక్కపోయినా దానికోసం ఆగకండి. జనవరి చివరికల్లా మీ స్టేట్‌మెంట్, రెండు నెలల డైరీ, మెసేజ్‌లు, సెలవుల లిస్టు, గుంటూరు చీటీలు పెట్టి 20-0995 వేసేయండి, అందినట్టు వచ్చే రసీదు దాచుకోండి. డాక్టర్ ఫారం చేతికి రాగానే అదే క్లెయిమ్‌కి ఆన్‌లైన్‌లో జత చేయొచ్చు, నిర్ణయం వచ్చేలోపు అందితే చాలు. అది రాకముందే వాళ్ళు తేల్చేస్తే ఆ డీబీక్యూతో ఇంకో సప్లిమెంటల్ వేద్దాం. పాత పరీక్ష రిపోర్టు వచ్చాక అందులో పేరు, సోషల్ నంబర్ కొట్టేసి "పని మీద ప్రభావం" అన్న గడిలో ఆ డాక్టర్ ఏం రాసిందో ఇక్కడ పెట్టండి, దానికి జవాబుగా మీ స్టేట్‌మెంట్‌లో ఏ వాక్యం కలపాలో చూసి చెప్తాను.